సకుటుంబ సపరివార సమేతంగా: అచ్చాఫీసు రోజుల మాటలు

ఈమధ్య విజయవాడ వన్‌టౌన్‌లో ఒక సందులోంచి వెళ్తుంటే కిరసనాయిలూ నల్ల ఇంకూ కలిసిన వాసన తగిలింది. ఆ వాసన ఎరిగినవాళ్లకి బోర్డు చదవనక్కర్లేదు. తలుపు తీసే ఉంది. లోపల పాత ట్రెడిల్ మెషీన్ ఇంకా కొట్టుకుంటోంది. అచ్చు వేయడానికి కాదు. బిల్లు పుస్తకాలకు నంబర్లు కొట్టడానికీ, చింపుకునే చోట చిల్లుల గీత వేయడానికీ వాడుతున్నారట. పక్కన కంప్యూటర్ తెర మీద పెళ్లి శుభలేఖ ఒకటి సగం తయారై ఉంది. "తామెల్లరు సకుటుంబ సపరివార సమేతంగా విచ్చేసి" అన్న లైను దగ్గర కర్సర్ ఆగి మినుకుమంటోంది.

ఆ మూడు మాటలు చూస్తే చాలు, పాత ప్రూఫ్ గది మొత్తం గుర్తొస్తుంది. తప్పులు దిద్దడానికి శుభలేఖ ప్రూఫ్ చేతికి రాగానే ఎర్ర పెన్ను మొదట వాలే చోటు అదే: ఒకే అర్థాన్ని మూడుసార్లు చెప్పే దుబారా అక్కడే ఉంది.

నిలబడి చేసే పని

కంపోజింగ్ అంటే సీసపు అక్షరాలను ఒక్కొక్కటే తీసి పేర్చడం, పొద్దస్తమానం నిలబడి చేసే పని. ఎదురుగా వాలుగా పెట్టిన కేసులు, వాటి నిండా గళ్లు. ఇంగ్లీషు కేసుతో పోలిస్తే తెలుగు కేసు చాలా పెద్దది. 'క' ఒక గడి అయితే 'కి' ఇంకో గడి, 'కు' మరో గడి. వత్తులకు మళ్లీ వేరే. కొత్తగా చేరిన కుర్రాడికి ఏ అక్షరం ఏ గడిలో ఉందో చేతికి తెలియడానికే నెలలు పట్టేది. ఎడమచేతిలో అక్షరాలు పేర్చే స్టిక్కు, కుడిచేత్తో అక్షరం తీయడం, దాని ఒంటి మీద ఉండే చిన్న గాడిని బొటనవేలితో తడిమి తలకిందులు కాలేదని తేల్చుకోవడం, స్టిక్కులో నిలబెట్టడం. లైను నిండగానే మాటల మధ్య స్పేసులు సర్ది బిగించాలి, లైనుకీ లైనుకీ నడుమ సీసపు పట్టీ పెట్టాలి. స్టిక్కు నిండితే గ్యాలీ అనే పొడుగాటి పళ్లెంలోకి దించాలి. గ్యాలీ నిండితే పురికొసతో చుట్టి కట్టి, ఇంకు రాసి, తడిపిన కాగితం మీద ప్రూఫ్ తీయాలి.

పని అక్కడితో అయిపోదు. అచ్చు ముగిశాక కిరసనాయిలుతో తుడిచి, ప్రతి అక్షరాన్నీ మళ్లీ దాని గడిలో వేయాలి. ఈ పనిని డిస్ట్రిబ్యూషన్ అనేవారు. అంటే కాగితం మీద కనిపించే ప్రతి అక్షరాన్నీ మనిషి రెండుసార్లు చేత్తో ముట్టుకున్నాడన్న మాట. అవసరం లేని మాట ఒకటి కాపీలో, అంటే అచ్చుకిచ్చిన రాతప్రతిలో, ఉండిపోతే దాని ఖర్చు కూడా రెండింతలు. సభల వార్తలు ఎక్కువగా వచ్చిన రాత్రి "ప్రారంభించడం జరిగింది", "సన్మానించడం జరిగింది" అని కాపీ నిండా 'జరిగింది'లే ఉండేవి. 'రి', 'గి' గళ్లు ఖాళీ అయిపోయి కంపోజిటర్లు పక్క కేసుల్లో వెతుక్కునేవారు. మాటల దుబారా గురించి మాకు పాఠం చెప్పింది ముందు ఆ ఖాళీ గళ్లే.

ప్రూఫ్ గదిలో ఇద్దరు కూర్చునేవారు. ఒకరు రాతప్రతి పట్టుకుని పైకి చదవాలి. రెండోవారు ప్రూఫ్ మీద కన్ను వేసి దిద్దాలి. చదివేది కామా, ఫుల్‌స్టాప్ సహా ఒకే రాగంలో సాగేది. ఆ గోలలో కంటికి దొరకని తప్పు చెవికి దొరికేది. "తిరిగి పునఃప్రారంభమైంది" అని రాసి ఉంటే కన్ను జారిపోతుంది. పైకి చదివితే 'తిరిగి' దగ్గరా 'పునః' దగ్గరా నాలుక రెండుసార్లు ఒకే మెట్టు ఎక్కుతుంది. "పరస్పరం ఒకరినొకరు", "హఠాత్తుగా అకస్మాత్తుగా", "గుర్తు తెలియని అపరిచిత వ్యక్తి", "భవిష్యత్తులో రాబోయే" లాంటివన్నీ చెవి పట్టేసినవే. ఇప్పటికీ, ఒక పేజీలో దుబారా ఉందో లేదో చూడాలంటే పైకి చదవడాన్ని మించిన పరీక్ష నాకు తెలియదు.

నల్లబల్ల మీద విగ్రహవాక్యం

ఆ గదిలో పనికొచ్చిన వ్యాకరణమంతా హైస్కూల్లో తెలుగు మాస్టారి నల్లబల్ల మీద నేర్చుకున్నదే. బల్ల ఎడమవైపు సమాసం, కుడివైపు దాన్ని విప్పి చెప్పే విగ్రహవాక్యం, దాని పక్కన సమాసం పేరు. పరీక్షలో రెండు మార్కులు. అప్పట్లో అది మార్కుల లెక్క. అచ్చాఫీసులో చేరాక తెలిసింది, మాట లోపల ఏముందో విప్పి చూసే పనిముట్టు అదేనని.

శుభలేఖ లైనునే విప్పి చూడండి. సకుటుంబం అంటే కుటుంబంతో కూడినది. సపరివారం అంటే పరివారంతో కూడినది. సమేతం అంటే కూడినది. ఆ 'స' అన్న ఒక్క అక్షరమే 'సహ'. ఇంటిల్లిపాదినీ ఒకసారి పిలవడానికి 'కూడి' అన్నమాట మూడుసార్లు వచ్చింది. "సకుటుంబంగా" అన్నా సరిపోతుంది, "కుటుంబ సమేతంగా" అన్నా సరిపోతుంది. రెండిట్లో ఒకటి. "సవినయపూర్వకంగా" కూడా ఇలాంటిదే: సవినయంగా గాని, వినయపూర్వకంగా గాని.

ఇందులోంచి ఒక పద్ధతి వస్తుంది. అనుమానం వచ్చిన మాటకు విగ్రహవాక్యం చెప్పుకోవాలి. ఆ చెప్పుకున్నదాంట్లోని మాట, వాక్యంలో బయట కూడా కనబడితే రెండింట్లో ఒకటి ఎక్కువ. గుడి జీర్ణోద్ధరణ కరపత్రాల్లో "దాతలు యథాశక్తి మేరకు విరాళాలు ఇవ్వగలరు" అని వచ్చేది. యథాశక్తి అంటేనే శక్తిని మించకుండా, శక్తి మేరకు. 'మేరకు' లోపలే ఉంది. "ఆమరణాంతం వరకు" అన్నదీ అంతే. ఆమరణం అంటే మరణం వరకు. "ప్రతి అనుదినం" అంటే రోజురోజూ రోజూ. అవ్యయీభావ సమాసాల్లో ముందుండే చిన్న మాటే (యథా, ప్రతి, అను, ఆ) మొత్తం పని చేస్తుంది. ఆ చిన్న మాట సంగతి తెలియనివాళ్లు వెనక ఇంకోటి తగిలిస్తారు. దోషం పుట్టేది నిర్లక్ష్యం వల్ల కాదు, ఎక్కువసార్లు ఆ ముందున్న ముక్కకు అర్థం తెలియకపోవడం వల్ల.

అర్థమే తిరగబడే రకం ఇంకొకటుంది. "నిర్దాక్షిణ్యం లేకుండా కొట్టారు" అని పోలీసు వార్తల్లో వచ్చేది. 'నిర్' అంటేనే లేకపోవడం. దాక్షిణ్యం లేకపోవడం లేకుండా కొట్టారంటే దయతో కొట్టారని అర్థం! ఇది దుబారా కాదు, అబద్ధం. "నిర్దాక్షిణ్యంగా" అనాలి, లేదా "దాక్షిణ్యం లేకుండా" అనాలి.

కరపత్రాల్లో డబ్బు దగ్గర పొరపాటు మరీ ఎక్కువ. "రూ. 116/- రూపాయలు" అని రాసి తెచ్చేవారు. 'రూ.' అన్నదే రూపాయలు. అంకె వెనక గీతలు, ఆ తర్వాత మళ్లీ రూపాయలు. రూ. 116 అనో, 116 రూపాయలు అనో ఒకటే ఉంచేవాళ్లం. పేరుకు ముందు శ్రీ, వెనక గారు రెండూ పెట్టే అలవాటూ ఉంది. శుభలేఖల్లో, ఆహ్వానాల్లో దాన్ని ముట్టుకునేవాళ్లం కాదు. అది మర్యాద, దాని చోటు దానిదే. 'సకుటుంబ సపరివార సమేతంగా' విషయంలో కూడా పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే అలాగే వేసేవాళ్లం. శుభలేఖ చదివి విషయం తెలుసుకునే కాగితం కాదు, పసుపు రాసి చేతికిచ్చే కాగితం. పత్రికలో మాత్రం శ్రీ, గారు రెండూ ఎగిరిపోయేవి.

డెస్కు మీది కాపీ

పత్రికాఫీసులో న్యూస్‌ప్రింట్ రీలు చివర మిగిలిన కాగితాన్ని ముక్కలు కోసి రాసుకోవడానికి ఇచ్చేవారు. ఇంకు పెన్ను ఆ కాగితం మీద పాకుతుంది, అందుకని బాల్‌పెన్నో పెన్సిలో. ఒక మూల టెలిప్రింటర్లు టకటకమంటూ పీటీఐ, యూఎన్‌ఐ వార్తాసంస్థల ఇంగ్లీషు వార్తల్ని కక్కుతుండేవి. ఇంకోవైపు ఊళ్ల నుంచి విలేకరుల కవర్లు బస్సుల్లో వచ్చేవి. అర్జంటు వార్తయితే తంతి, అంటే టెలిగ్రాం. తంతికి మాటకింత లెక్క కాబట్టి విలేకరి మాటలు లెక్కపెట్టి రాసేవాడు: బస్సు, లారీ, ఢీ, ఎంతమంది, ఎక్కడ. అంతే. ఆ కాగితంలో కొట్టేయడానికి ఏమీ ఉండేది కాదు. అదే విలేకరి కవరులో పంపినప్పుడు మూడు పేజీలు. తంతి సేవ 2013 జూలైలో దేశమంతటా ఆగిపోయింది. మాటకు వెల కట్టే బడి అదొక్కటే. దాన్ని తలుచుకోని పాత విలేకరి ఉండడు.

కవరు కాపీ ఎలా ఉండేదో ఒకటి చూపిస్తాను. ఊరు, పేర్లు తీసేసి నమూనాగా రాస్తున్నా.

"స్థానిక మున్సిపల్ ఉన్నత పాఠశాలలో ఆదివారం నాడు ఉదయం 10 గంటల సమయంలో ఉచిత కంటి వైద్య శిబిరాన్ని ప్రారంభించడం జరిగింది. ఈ సందర్భంగా ముఖ్య అతిథిగా విచ్చేసిన మున్సిపల్ చైర్మన్ మాట్లాడుతూ ప్రతి ఒక్కరూ ఈ శిబిరాన్ని సద్వినియోగం చేసుకోవాలని అన్నారు. దాదాపు 200 మందికి పైగా రోగులకు కంటి పరీక్షలు నిర్వహించడం జరిగింది."

దిద్దాక:

"మున్సిపల్ ఉన్నత పాఠశాలలో ఆదివారం ఉచిత కంటి వైద్య శిబిరాన్ని చైర్మన్ ప్రారంభించారు. మొదటి రోజు 214 మందికి పరీక్షలు చేశారు. శిబిరాన్ని అందరూ వాడుకోవాలని చైర్మన్ కోరారు."

వార్త నెత్తిన ఊరి పేరు, తేదీ ఉంటాయి కాబట్టి 'స్థానిక' దండగ. 'ఆదివారం నాడు'లో 'నాడు' అక్కర్లేదు. "మాట్లాడుతూ... అన్నారు" అన్నది తెలుగు వార్తల్లో ఇప్పటికీ వదలని జాడ్యం, అన్నారంటే మాట్లాడకుండా ఎలా అంటారు? 'దాదాపు' అంటే అటూ ఇటూగా, 'పైగా' అంటే ఖాయంగా ఎక్కువ. రెండూ ఒకచోట ఉంటే చదివేవాడికి ఏమీ తెలియదు.

అసలు సంగతి 'జరిగింది' దగ్గర ఉంది. 'ప్రారంభించడం జరిగింది' అన్నచోట 'ప్రారంభించారు' అని దిద్దగానే ప్రశ్న పుడుతుంది: ఎవరు? 'జరిగింది' కర్తను మింగేస్తుంది. విలేకరికి ట్రంక్ కాల్ చేసి అడిగితే గాని తేలేది కాదు. '200 మందికి పైగా' తీసేయబోతే శిబిరం రిజిస్టరులోని అంకె కావలసి వచ్చేది. దుబారా మాట చాలాసార్లు తెలియని సంగతి మీద కప్పిన దుప్పటి. మాట తీస్తే ఖాళీ బయటపడుతుంది, ఖాళీ బయటపడితే ఎవరో ఒకరు దాన్ని నింపుతారు. అందుకే కొట్టేయడం వార్తలు దిద్దే డెస్కు పనుల్లో చివరిది కాదు, మొదటిదని నా నమ్మకం.

ఇంగ్లీషు వార్తల అనువాదంలో దుబారా వేరే దారిలో దూరేది. ఇంగ్లీషులో ప్రతి వాక్యానికీ కర్త కనబడాలి. తెలుగు క్రియ చివరే కర్తను మోస్తుంది: వచ్చాను, వచ్చావు, వచ్చారు. 'ఆయన' అని ఒకసారి చెప్పాక నాలుగు వాక్యాల దాకా మళ్లీ అనక్కర్లేదు. అయినా తొందరలో "ఆయన తన భార్యతో కలిసి తన ఇంటికి తన కారులో వెళ్లారు" అని వచ్చేది. "భార్యతో కలిసి కారులో ఇంటికి వెళ్లారు" చాలు. పరాయి భార్య అని ఎవరూ అనుకోరు. "ఆయన ఒక డాక్టర్" అన్న 'ఒక' కూడా అలా వచ్చిందే. తెలుగులో 'ఒక' అంటే లెక్క, లేదా ఎవరో తెలియని ఒకరు. ఆయన డాక్టర్, అంతే. 'యొక్క' సంగతి సరేసరి. "ప్రభుత్వం యొక్క నిర్ణయం"లో 'ప్రభుత్వ నిర్ణయం' ఉంది. "రాముడి యొక్క పుస్తకం"లో 'రాముడి' అనగానే షష్ఠీవిభక్తి పని అయిపోయింది. బళ్లో విభక్తుల పట్టిక బట్టీ పట్టించేటప్పుడు 'కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్' అని రాగం తీసి చెప్పించేవారు. అది వ్యాకరణం పట్టిక. రాసేటప్పుడు ప్రతిసారీ పెట్టమని కాదు.

స్టోన్ మీద నాలుగు లైన్లు

రాత్రి పేజీ కట్టే వేళకు హడావుడి. నున్నటి బల్ల మీద, దాన్ని స్టోన్ అనేవారు, ఇనుప చట్రంలో పేజీ మొత్తం సీసం అక్షరాల్లో తలకిందులుగా ఉంటుంది. ఫోర్‌మన్ తలెత్తకుండా "ఏడో కాలమ్, నాలుగు లైన్లు ఎక్కువ" అంటాడు. సబ్‌ఎడిటర్ అప్పటికప్పుడు ప్రూఫ్ చూసి నాలుగు లైన్లు తీసివ్వాలి. వార్త పోకూడదు.

దీనికొక కిటుకు ఉండేది. ముందు ప్రతి పేరా చివరి లైను చూడాలి. అందులో ఒకే మాటో రెండు మాటలో మిగిలి ఉన్న పేరాలు గుర్తుపెట్టుకోవాలి. అలాంటి పేరాలో ఒక్క మాట తీస్తే ఒక లైను మొత్తం మిగులుతుంది. నిండు లైనుతో ముగిసే పేరాలో ఒకటి రెండు మాటలు తీసినా లైను కలిసిరాదు. రెండోది, తీసే మాట పేరా చివరికి ఎంత దగ్గరుంటే అంత మంచిది. మొదటి లైనులో మాట తీస్తే అక్కణ్నుంచి చివరిదాకా ప్రతి లైనూ విప్పి, మాటలు వెనక్కి జరిపి, మళ్లీ స్పేసులు సర్దాలి, పావుగంట పోతుంది. చివరి రెండు లైన్లలో అయితే నిమిషం. అందుకని వెతుకులాటంతా పేరాల తోకల దగ్గరే. అదృష్టం కొద్దీ తెలుగు వాక్యంలో దుబారా చేరేదీ అక్కడే: "చేయవలసిన అవసరం ఎంతైనా ఉందని అన్నారు" అంటే 'చేయాలన్నారు'. "ఏర్పాటు చేయడం జరుగుతుందని తెలియజేశారు" అంటే 'ఏర్పాటు చేస్తామన్నారు'. క్రియ చివర వేలాడే ఈ తోకలు కోస్తే నాలుగు లైన్లు ఇట్టే దొరికేవి. కాలమ్ లైనులో నాలుగైదు మాటలకు మించి పట్టవు మరి.

తోకకు 'త'

ప్రాధాన్యత, ప్రాముఖ్యత, నైపుణ్యత, ప్రావీణ్యత, వైవిధ్యత. ఈ అయిదూ ప్రూఫ్ గదిలో రోజూ తగిలేవి. వీటి కథ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే కారణం తెలియక బట్టీ పడితే మళ్లీ తప్పుతారు.

ప్రధాన, ప్రముఖ, నిపుణ, ప్రవీణ, వివిధ అన్నవి గుణం కలవాటిని చెప్పే మాటలు. వాటి నుంచి గుణాన్నే చెప్పే మాట చేయడానికి సంస్కృతంలో రెండు దారులున్నాయి. ఒకటి, 'త' చేర్చడం: ప్రధానత, నిపుణత, ప్రవీణత. రెండోది, మొదటి అచ్చును పెంచి చివర 'య' చేర్చడం: ప్ర కాస్తా ప్రా అవుతుంది, ని కాస్తా నై అవుతుంది, వి వై అవుతుంది. ప్రాధాన్యం, నైపుణ్యం, వైవిధ్యం. రెండో దారిలో వచ్చిన మాటకు మళ్లీ మొదటి దారి 'త' తగిలిస్తే 'ప్రధానతతనం' అన్నట్టు. ఉదారత గాని ఔదార్యం గాని, ఔదార్యత కాదు. సఫలత గాని సాఫల్యం గాని.

ఇంతవరకు చెప్పి వదిలేస్తే కొత్తవాళ్లు 'య'వత్తు కనబడగానే 'త' కొట్టేసేవారు. బాధ్యతను 'బాధ్యం' చేసేవారు, యోగ్యతను 'యోగ్యం' చేసేవారు. అందుకని పరీక్ష చెప్పాలి: 'త' తీసేసి, సున్న పెట్టి, 'ఉంది' చేర్చి చూడండి. "ప్రాధాన్యం ఉంది" నిలబడుతుంది. "బాధ్యం ఉంది" నిలబడదు. బాధ్య, యోగ్య, సభ్య అన్నవి గుణం కలవాటిని చెప్పే మాటలే కాబట్టి వాటికి 'త' కావాలి. ఆవశ్యకత కూడా సరైనదే. ఐక్యం, ఐక్యత విషయంలో లెక్క ప్రకారం ఐక్యమే ఒప్పు. సమైక్యత మాత్రం సంఘాల పేర్లలోకి, నినాదాల్లోకి వెళ్లి స్థిరపడింది. దాన్ని దిద్దబోతే చదివేవాడికి అదేదో వేరే మాటలా కనబడుతుంది. నేనైతే వదిలేస్తాను. ప్రాధాన్యతను మాత్రం ఇప్పటికీ వదలను.

'అత్యుత్తమ' కూడా ఇదే కుటుంబం. ఉత్తమలో ఉన్న 'తమ'యే 'అన్నిటికన్నా'. దాని ముందు మళ్లీ 'అతి'. వేసవిలో మాత్రం ఒక జాగ్రత్త. "రెంటచింతలలో ఈ ఏటి అత్యధిక గరిష్ఠ ఉష్ణోగ్రత" అన్న కాపీలో 'గరిష్ఠ' కొట్టేసేవారు, రెండూ ఒకటేనని. ఒకటి కాదు. గరిష్ఠ ఉష్ణోగ్రత అంటే ఆ రోజు నమోదైన పై అంకె, వాతావరణ శాఖ వాడే పారిభాషిక పదం. రోజుకొక గరిష్ఠం ఉంటుంది, వాటన్నిట్లోకీ పెద్దది అత్యధిక గరిష్ఠం. శాస్త్రం మాటను దిద్దేముందు ఆ శాస్త్రం ఏమంటుందో అడగాలి.

"మహిళా అధ్యక్షురాలు", "గర్భిణీ స్త్రీ" అన్నవాటిల్లో ఆడతనం రెండుసార్లు వచ్చింది. అధ్యక్షురాలు, గర్భిణి చాలు. "మహిళా కండక్టర్" సరైనదే, కండక్టర్ అన్న మాటకు లింగం లేదు గనక. కొండలు, నదుల దగ్గర కూడా విచక్షణ కావాలి. అచలం అన్నా మల అన్నా కొండే, అయినా శేషాచలం కొండలు, నల్లమల కొండలు అనే అందరూ అంటారు; పేరుగా స్థిరపడ్డాక లోపలి అర్థం ఎవరికీ వినబడదు. కృష్ణా అంటే నదీ ఉంది, జిల్లా ఉంది. "కృష్ణా నదిలో పడి" అన్నచోట 'నది' తీసేసి లైను మిగిల్చాననుకోవడం తెలివి కాదు.

కొట్టకూడని జంటలు

కొత్తగా ఎర్ర పెన్ను చేతికొచ్చినవాళ్లు రెండుసార్లు వచ్చిన ప్రతిదాన్నీ కొట్టేస్తారు. తెలుగు అలా ఒప్పుకోదు. రెట్టించడం మన భాషలో ఒక పనిముట్టు. రెట్టించినప్పుడు రెండోసారి వచ్చే రూపానికి ఆమ్రేడితం అని పేరే ఉంది. చిన్నయసూరి బాలవ్యాకరణం 'కడాదులు' అని ఒక గుంపుకు సూత్రమే చెప్పింది: కడ కడ కలిస్తే కట్టకడ, పగలు పగలు కలిస్తే పట్టపగలు, మొదట మొదట కలిస్తే మొట్టమొదట, చివర చివర కలిస్తే చిట్టచివర, బయలు బయలు కలిస్తే బట్టబయలు. మొదటి అచ్చు తర్వాత ఉన్నదంతా పోయి 'ట్ట' వచ్చి కూర్చుంటుంది. బళ్లో ఈ సంధి అంటే పిల్లలందరికీ ఇష్టం, చెప్పేటప్పుడు నోరు నిండుతుంది కదా.

ఇది తెలిస్తే "మొట్టమొదటిసారిగా తొలిసారి" అన్నదాంట్లో ఏముందో తెలుస్తుంది. మొదట, మొదట, తొలి: మూడు. రెండు వరకు భాష ఇచ్చిన అనుమతి, మూడోది రాసినవాడి దుబారా. "ప్రతి ఇంటింటికీ" కూడా అంతే. 'ఇంటింటికీ' అనడంలోనే ఒక్క ఇల్లూ వదలకుండా అన్న అర్థం ఉంది. ముందు 'ప్రతి' ఎందుకు? 'ప్రతి ఇంటికీ' అనండి, లేకపోతే 'ఇంటింటికీ' అనండి.

జంటపదాలు మరీ జాగ్రత్తగా చూడాలి. గొడ్డూ గోదా, ఇల్లూ వాకిలీ, పొలం పుట్రా, డబ్బూ దస్కం. వీటిల్లో రెండోది మొదటిదాన్ని ఊరికే తిరిగి చెప్పదు. "అలాంటివన్నీ, ఏదీ మిగలకుండా" అని చెబుతుంది. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు "గొడ్డూ గోదా కొట్టుకుపోయాయి" అని జనం అంటే, దాన్ని 'పశువులు కొట్టుకుపోయాయి' అని దిద్దిన డెస్కు, విన్నదాన్ని సగమే రాసినట్టు. పశువుల లెక్క అధికారులు చెబుతారు. మిగలని సర్వస్వం ఆ జంటలో ఉంది.

పద్యంలోకి వస్తే ఒకే మాట, ఒకే అర్థం, వెంటనే రెండోసారి వచ్చినా అలంకారమే అవుతుంది, తాత్పర్యంలో తేడా ఉంటే చాలు. లాటానుప్రాసకు పదో తరగతి పిల్లలు ఇప్పటికీ చెప్పే ఉదాహరణ పోతనదే: "కమలాక్షు నర్చించు కరములు కరములు". మొదటి కరములు చేతులు. రెండో కరములూ చేతులే, కానీ చేతులంటే అవే అని. రెండోది కొట్టేస్తే పద్యం లేదు. దుబారాకూ అలంకారానికీ తేడా రెండో మాట కొత్తగా ఏదైనా చేసిందా లేదా అన్నది మాత్రమే.

తెర మీదికి వచ్చాక

సీసం పోయింది, ఫిల్ము వచ్చింది, అదీ పోయి అంతా తెర మీదికి వచ్చింది. మాట తీయడానికి ఇప్పుడు ఎవరూ లైన్లు విప్పనక్కర్లేదు. చోటుకు హద్దు లేదు గనక కొట్టేయమని తొందరపెట్టే ఫోర్‌మనూ లేడు. పాత దుబారాలకు కొత్తవి తోడయ్యాయి: ఎఫ్‌ఐఆర్ రిపోర్ట్, పిన్ నంబర్, ఏటీఎం మెషీన్, జీఎస్టీ పన్ను. పొట్టి పేరులోని చివరి అక్షరమే వెనక మళ్లీ వస్తోంది. వీటిల్లో అన్నిటినీ ఒకే కర్రతో కొట్టను. ఎఫ్‌ఐఆర్ తర్వాత రిపోర్ట్ ఎవరికీ అక్కర్లేదు, తీసేస్తాను. 'పాన్ నంబర్' మాత్రం ఉంచుతాను; తెలుగులో వట్టి 'పాన్' అంటే కిళ్లీ. రూల్స్‌లు, ట్యాబ్లెట్స్‌లు అన్న రెండు బహువచనాలను మాత్రం చూస్తూ ఊరుకోలేను. రూల్సు అనండి, రూళ్లు అనండి, ఒక బహువచనం చాలు.

ఒకే సంగతిని కావాలని రెండుసార్లు చెప్పించిన చోట్లు అప్పుడూ ఉన్నాయి. ట్రంక్ కాల్‌లో వార్త చెప్పే విలేకరి అంకెను రెండు రకాలుగా చెప్పాలని నియమం: "పదిహేను, ఒకటి అయిదు". గరగరమనే లైనులో పదిహేనుకూ పదహారుకూ తేడా వినబడదు. పదహారు చనిపోయారని అచ్చయితే మర్నాడు ఎవరి ఇంటి ముందు ఏడుపో. ఊరి పేరు చెప్పి, వెంటనే మండలం పేరు చెప్పాలి. ఒకే పేరుతో జిల్లాలో మూడు ఊళ్లుంటాయి. రేడియో వార్తలు రాసినవాళ్లూ ఇదే చెప్పేవారు. వినేవాడు వెనక్కి తిప్పి చూసుకోలేడు కాబట్టి 'ఆయన' అనకుండా మళ్లీ పేరే చెప్పాలి, బులెటిన్ చివర ముఖ్యాంశాలు ఇంకోసారి చదవాలి. దస్తావేజుల్లో, చెక్కుల్లో అంకె వేసి, 'అక్షరాలా' అని మాటల్లో రాసి, చివర 'మాత్రమే' పెట్టడం కూడా ఇందుకే. అంకె పక్కన సున్న చేర్చడం తేలిక. మాటల్లో రాసినదాన్ని మార్చడం కష్టం. 'మాత్రమే' అన్నాక దాని వెనక ఇంకేమీ ఇరికించడానికి చోటు లేదు. కరపత్రంలో 'రూ. 116/- రూపాయలు' కొట్టేసిన చేత్తోనే రసీదు పుస్తకం ప్రూఫ్ దిద్దేటప్పుడు 'అక్షరాలా' ఎదురుగా ఖాళీ గీత ఉందో లేదో చూసి మరీ సంతకం పెట్టేవాళ్లం.